ఇంజిన్ ధర వేరు, ఇంజిన్ ఖర్చు వేరు

2021 ఫార్ములా వన్ సీజన్‌లో రెడ్‌బుల్ జట్టు, జట్ల ఖర్చుకు పెట్టిన పరిమితికి మించి 18.64 లక్షల పౌండ్లు ఖర్చు పెట్టిందని 2022 అక్టోబర్‌లో ఈ పోటీల నిబంధనలు చూసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఐఏ తేల్చింది. అంటే 1.6 శాతం ఎక్కువ. ఆ సీజన్ టైటిల్‌ను రెడ్‌బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్ అబుదాబిలో చివరి ల్యాప్‌లో ఎగరేసుకుపోయాడు కాబట్టి మిగతా జట్లు భగ్గుమన్నాయి. తీరా తప్పుల చిట్టా బయటికొచ్చాక చూస్తే, అది రహస్యంగా కొత్త రెక్క తయారు చేసిన కథేమీ కాదు. ఫ్యాక్టరీ సిబ్బంది భోజనాల ఖర్చు, ఉద్యోగుల తరఫున యజమాని కట్టే సామాజిక భద్రతా చందా, అప్రెంటిస్‌ల మీద కట్టే పన్ను, స్టోర్‌లో ఉన్న విడిభాగాల లెక్క, కొన్ని ప్రయాణాల బిల్లులు... ఇలా 13 పద్దులు తప్పుగా రాశారు. ఒక పన్ను రాయితీని సరిగ్గా చూపించి ఉంటే, మించిన మొత్తం 4.3 లక్షల పౌండ్లు, అంటే 0.37 శాతమే అయ్యేదని ఎఫ్‌ఐఏనే ఒప్పుకుంది. దురుద్దేశం కనిపించలేదని కూడా చెప్పింది. అయినా 70 లక్షల డాలర్ల జరిమానా వేసి, కారు మీద గాలి ఎలా పారుతుందో చూసే విండ్ టన్నెల్ పరీక్షల్లో 10 శాతం కోత పెట్టింది.

ఇందులో తమాషా ఏమిటంటే, వెర్‌స్టాపెన్ జీతం ఎన్ని కోట్లైనా ఆ లెక్కలోకి రాదు. క్యాంటీన్‌లో మెకానిక్ తిన్న భోజనం మాత్రం వస్తుంది. ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అన్న గీత ఎక్కడ గీశారన్నదే రేసింగ్ ఖర్చుల గొడవకంతటికీ మూలం. కారు విషయంలో ఆ గీత ఎలాగోలా గీయగలిగారు. ఇంజిన్ దగ్గరికొచ్చేసరికే చిక్కు మొదలైంది.

ముందు కారు సంగతి. 2019 అక్టోబర్‌లో ఒప్పుకున్న పరిమితి జట్టుకు ఏడాదికి 17.5 కోట్ల డాలర్లు. 2020లో కోవిడ్‌తో రేసులు ఆగిపోయి, ఆదాయం ఎండిపోయే పరిస్థితి వచ్చేసరికి మే నెలలో దాన్ని 14.5 కోట్లకు దించారు. 2022లో 14 కోట్లు, 2023 నుంచి 2025 దాకా 13.5 కోట్లు. ఇది 21 రేసుల సీజన్‌కు వేసిన లెక్క. రేసులు పెరిగితే పైన కొంత కలుపుతారు, ధరల పెరుగుదలకూ సర్దుబాటు ఉంటుంది. అంతకుముందు పెద్ద జట్లు ఏడాదికి 40 కోట్ల డాలర్లకు పైగా తగలేసేవి. డ్రైవర్ల జీతాలు, ఎక్కువ జీతం తీసుకునే ముగ్గురు ఉద్యోగులు, మార్కెటింగ్, విమానాలు, హోటళ్లు, ఇంజిన్ బిల్లు... ఇవన్నీ అప్పట్లో పరిమితికి బయటే.

అసలు పరిమితి ఎందుకు కావాల్సి వచ్చింది? చక్రాలు బయటికి కనిపించే ఈ ఓపెన్ వీల్ కార్ల పోటీల్లో గెలుపు ఎప్పుడూ పక్కవాడితో పోల్చుకునేదే. ల్యాప్‌లో సెకనులో పదో వంతు మెరుగుపడినా, ఎదుటి జట్టు కూడా అంతే మెరుగుపడితే చేతిలో ఏమీ మిగలదు. అందరూ ఖర్చు రెట్టింపు చేస్తే వరుస పాతదే ఉంటుంది, బిల్లు మాత్రం రెట్టింపవుతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. కానీ ముందుగా ఖర్చు తగ్గించుకున్నవాడే వెనకబడతాడు కాబట్టి ఎవరూ ఒంటరిగా ఆగలేరు. మంచి మాటలతో ఆగే వ్యవహారం కాదిది.

2009లో ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మ్యాక్స్ మోస్లీ ఈ ముక్కే చెప్పి, 4 కోట్ల పౌండ్ల పరిమితి పెట్టబోయాడు. అప్పటికే 2008 చివర్లో హోండా దుకాణం సర్దేసింది. ఆ జట్టును రాస్ బ్రాన్ ఒకే ఒక్క పౌండుకు కొన్నాడు, 2009లోనే చాంపియన్ అయ్యాడు కూడా. 2009 ముగిసేసరికి బీఎండబ్ల్యూ, టయోటా కూడా తప్పుకున్నాయి. ఇంత జరుగుతున్నా పెద్ద జట్లు పరిమితికి ఒప్పుకోలేదు. సొంత సిరీస్ పెట్టుకుంటామని బెదిరించాయి. మోస్లీ వెనక్కి తగ్గాడు. చివరికి నష్టపోయింది ఎవరంటే, ఆ పరిమితి వస్తుందన్న నమ్మకంతో 2010లో అడుగుపెట్టిన చిన్న జట్లు. కరుణ్ చందోక్, నారాయణ్ కార్తికేయన్ నడిపిన హెచ్‌ఆర్‌టీ 2012తో అయిపోయింది. లోటస్ పేరుతో వచ్చి కేటర్‌హామ్‌గా మారిన జట్టు 2014లో మూతపడింది. వర్జిన్‌గా వచ్చి మరుస్సియాగా, మనోర్‌గా పేర్లు మార్చుకున్న జట్టు 2016 దాకా ఈడ్చింది. కార్తికేయన్ అన్ని రేసుల్లో చివర్న తిరిగాడని అప్పట్లో నవ్వుకున్నవాళ్లు చాలామందే. ఆయన చేతిలో పెట్టిన కారు బడ్జెట్ ఎంత అని అడిగినవాళ్లు తక్కువ.

మరి 2009లో కానిది 2021లో ఎలా అయింది? ఆడిటర్లు తెలివి మీరడం వల్ల అని నేననుకోను. యజమానులకు అందులో లాభం కనిపించింది, అంతే. అంతకుముందు ఎఫ్‌1 జట్టంటే ఎంత పోసినా నిండని కుండ. ఖర్చుకు హద్దు పడగానే, టీవీ హక్కుల డబ్బులో వాటా వస్తూ ఉంటే, అదే జట్టు ఆస్తిగా మారిపోయింది. 2020 ఆగస్టులో విలియమ్స్ జట్టు మొత్తాన్నీ డోరిల్టన్ సంస్థ 15.2 కోట్ల యూరోలకు కొనేసింది. మూడేళ్లు తిరక్కుండానే, 2023లో, ఆల్పీన్‌లో కేవలం 24 శాతం వాటా 20 కోట్ల యూరోలు పలికింది. పరిమితిని ఎత్తేయమని ఇప్పుడు ఏ యజమానీ గట్టిగా అడగడు. అడిగితే తన ఆస్తి విలువే పడిపోతుంది.

పరిమితి వచ్చిన వెంటనే పోటీ సమానమైపోయిందా అంటే కాలేదు. 2023లో రెడ్‌బుల్ 22 రేసుల్లో 21 గెలిచింది. పరిమితి రాకముందే కట్టుకున్న విండ్ టన్నెళ్లు, పోగేసుకున్న అనుభవం ఒక్క రోజులో కరిగిపోవు. కానీ అదే 2023 మొదట్లో వెనక వరుసల్లో ఈడ్చిన మెక్‌లారెన్, 2024లో జట్ల టైటిల్ కొట్టింది. 1998 తర్వాత ఆ జట్టుకు అదే మొదటిది. పాత రోజుల్లో అయితే ముందున్నవాళ్లు డబ్బు కుమ్మరించి ఆ దారి మూసేసేవాళ్లు. వెనకబడిన జట్టుకు విండ్ టన్నెల్ సమయం ఎక్కువ, చాంపియన్‌కు తక్కువ అనే లెక్క కూడా ఇక్కడ పనిచేసింది. పట్టికలో ఏడో స్థానానికి ఇచ్చే సమయాన్ని 100 శాతం అనుకుంటే, మొదటి స్థానానికి దక్కేది 70 శాతమే.

డబ్బుకు ఒకచోట అడ్డుకట్ట వేస్తే అది వేరే సందు వెతుక్కుంటుంది. పెద్ద జట్లు తమ ఇంజినీర్లలో కొందరిని పడవ పందేల ప్రాజెక్టులకు, సూపర్ కార్ల తయారీకి, లె మాన్ 24 గంటల రేసు కార్లకు మార్చాయి. ఆ పనిలో తెలుసుకున్నది ఎఫ్‌1 కారులోకి ఉచితంగా తిరిగొస్తుందేమోనన్న అనుమానంతో 2023లో ఎఫ్‌ఐఏ ప్రత్యేకంగా ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. ముగ్గురు పెద్దల జీతం లెక్కలోకి రాదు కాబట్టి పేరున్న డిజైనర్ల రేటు ఆకాశాన్నంటింది. మామూలు ఇంజినీరు జీతం మాత్రం కారు విడిభాగాలతో పోటీపడాల్సి వచ్చింది. అతని జీతం పెంచితే కారు కింది కొత్త ఫ్లోర్‌కు డబ్బు తగ్గుతుంది. నా దృష్టిలో ఈ విధానంలో అన్నిటికన్నా అన్యాయం ఇదే, దీని మీద జరిగే చర్చ మాత్రం చాలా తక్కువ.

ప్రమాదాల సంగతి మరో తలనొప్పి. 2021 సిల్వర్‌స్టోన్ రేసులో మెర్సిడెస్ డ్రైవర్ హామిల్టన్‌తో ఢీకొని వెర్‌స్టాపెన్ కారు గోడకు కొట్టుకున్నప్పుడు నష్టం దాదాపు 18 లక్షల డాలర్లని రెడ్‌బుల్ లెక్క చెప్పింది. తప్పెవరిదైనా ఆ బిల్లు దెబ్బతిన్న జట్టు పరిమితిలోంచే పోతుంది.

ఇప్పుడు ఇంజిన్. ఇక్కడ రెండు సంగతులు కలిసిపోయి అందరినీ గందరగోళపెడతాయి. ఇంజిన్ కొనుక్కునే జట్టు ఏటా కట్టేది ధర. ఇంజిన్ తయారు చేసే కంపెనీ దాని మీద పెట్టేది ఖర్చు. ఈ రెంటి మధ్య పొంతన ఉండాల్సిన పనిలేదు, ఉన్న సందర్భాలూ తక్కువే.

పొంతన బాగా కుదిరిన ఒక ఉదాహరణ ఉంది. 1967లో కాస్‌వర్త్ సంస్థ తయారు చేసిన డీఎఫ్‌వీ ఇంజిన్ నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్‌లో తొలి రేసులోనే జిమ్ క్లార్క్ చేతిలో గెలిచింది. దాని తయారీకి ఫోర్డ్ పెట్టిన పెట్టుబడి లక్ష పౌండ్లు. మరుసటి ఏడాది నుంచి 7,500 పౌండ్లు చేతిలో ఉన్న ఏ జట్టైనా దాన్ని కొనుక్కోగలిగింది. టిరెల్, విలియమ్స్, మెక్‌లారెన్ లాంటి జట్లు నిలదొక్కుకున్నది ఆ ఇంజిన్ దయవల్లే. 1983 దాకా ఆ కుటుంబం ఇంజిన్లు 155 గ్రాన్‌ప్రీలు గెలిచాయి. ఒకసారి తయారు చేసి, పదిహేనేళ్లు అమ్మితే ఖర్చు ఎలాగైనా తిరిగొస్తుంది.

కార్ల కంపెనీలు నేరుగా దిగాక ఆ లెక్క చెల్లలేదు. వాళ్లకు ఇంజిన్ అమ్మకం సరుకు కాదు, ప్రచారం. 1980ల టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే యంత్రం) రోజుల్లో, రేసులో ఎవరు ఏ వరుసలో నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో కొద్ది ల్యాపులు తిరిగితే చాలన్నట్టు ప్రత్యేకంగా ఇంజిన్లు తయారు చేసేవాళ్లు. 2000ల మొదట్లోనూ ఒక వీకెండ్‌లోనే ఒక కారుకు రెండు మూడు ఇంజిన్లు మార్చేవాళ్లు.

దీన్ని ఆపడానికి ఎఫ్‌ఐఏ సంఖ్య మీద పడింది. 2004లో వీకెండ్‌కు ఒకే ఇంజిన్, 2005లో రెండు రేసులకు ఒకటి, 2009లో డ్రైవర్‌కు సీజన్ మొత్తానికి ఎనిమిది, 2018కి వచ్చేసరికి మూడు. కాగితం మీద చూస్తే భారీ పొదుపు. నిజానికి ఏం జరుగుతుందో ఫ్యాక్టరీలోకి తొంగిచూస్తే తెలుస్తుంది. ఒకప్పుడు 400 కిలోమీటర్లు తట్టుకుంటే చాలనుకున్న పిస్టన్, ఇప్పుడు వేల కిలోమీటర్లు అదే పవర్ ఇస్తూ నిలబడాలి. అందుకు కొత్త లోహం కావాలి, కొత్త పూత కావాలి. అన్నిటికీ మించి, ఫ్యాక్టరీలో ఇంజిన్‌ను బిగించి పరీక్షించే టెస్ట్ బెడ్ మీద గంటల తరబడి, రేసు సర్క్యూట్‌ను అనుకరిస్తూ ఇంజిన్ తిప్పి తిప్పి విరగ్గొట్టి చూడాలి. ట్రాక్ మీదికొచ్చే ప్రతి ఇంజిన్ వెనక, ట్రాక్ ముఖం చూడకుండా టెస్ట్ బెడ్ మీదే చచ్చిపోయిన ఇంజిన్లుంటాయి. సంఖ్యకు పెట్టిన నిబంధన వీటిని లెక్కపెట్టదు. కొనే జట్టుకు ఇంజిన్లు తగ్గాయి, తయారు చేసే కంపెనీకి ఒక్కో ఇంజిన్ మరింత ప్రియమైంది.

రెండో మార్గం డిజైన్‌ను స్తంభింపజేయడం. 2007లో 2.4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్లను అలాగే ఫ్రీజ్ చేశారు. ఖర్చు నిజంగానే తగ్గింది. మన్నిక కోసం చేసే మార్పులకు మాత్రం అనుమతి ఇచ్చారు. ఇక చూడాలి, ఇంజినీర్లందరికీ ఒక్కసారిగా మన్నిక మీద ప్రేమ పుట్టుకొచ్చింది! మన్నిక పేరుతో కాస్త పవర్ కూడా చేరేది. ఫ్రీజ్‌తో వచ్చే అసలు చిక్కు వేరు. ఆ రోజు ఎవరు ముందుంటే వాళ్లే ముందుండిపోతారు. 2009లో వెనకబడిన రెనోకు ప్రత్యేకంగా మార్పులు చేసుకునే వెసులుబాటు ఇవ్వాల్సి వచ్చింది.

2014లో 1.6 లీటర్ల వీ6 టర్బో హైబ్రిడ్ వచ్చింది. దీనిలో ఎంజీయూ-హెచ్ అనే భాగం ఒక్కటి చూస్తే ఖర్చు ఎక్కడికి పోయిందో అర్థమవుతుంది. టర్బో ఇరుసుకు తగిలించిన చిన్న మోటార్ అది. ఎగ్జాస్ట్ వేడిగాలి తోసే శక్తిని కరెంటుగా మారుస్తుంది. డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కిన క్షణాన టర్బో బద్ధకించకుండా తిరిగి తానే తిప్పుతుంది. నిమిషానికి 1,25,000 చుట్ల దాకా నిబంధన అనుమతించేది. ఆ వేగంలో, ఆ వేడిలో బేరింగ్ నిలబడటమే ఒక అద్భుతం. ఇంజినీరింగ్‌గా చూస్తే దండం పెట్టాల్సిందే. కానీ మామూలు కార్లలో దానికి పెద్ద ఉపయోగం లేకపోయింది. 2015లో మెక్‌లారెన్‌తో కలిసి వచ్చిన హోండా పరువు పోగొట్టుకోవడంలో ఈ భాగం పాత్ర పెద్దది.

జట్లు ఈ ఇంజిన్లకు కట్టే బిల్లు ఏడాదికి 2 కోట్ల డాలర్ల స్థాయికి చేరింది. పాత వీ8లతో పోలిస్తే చాలా ఎక్కువ. 2014 అక్టోబర్‌లో కేటర్‌హామ్, మరుస్సియా రెండూ దివాలా ప్రక్రియలోకి వెళ్లాయి. 2015లో ఎఫ్‌ఐఏ కొనే జట్లకు ధర మీద పరిమితి పెడదామంటే ఫెరారీ తనకున్న వీటో హక్కు వాడింది. చివరికి బేరం కుదిరి, 2017లో 10 లక్షల యూరోలు, 2018లో మరో 30 లక్షల యూరోలు తగ్గించారు. ధర తగ్గింది. కంపెనీల ఖర్చు మాత్రం అలాగే ఉంది. ఆ తేడా కంపెనీ బోర్డు గదిలో ఎవరో ఒకరు మోయాలి. 2020 అక్టోబర్‌లో హోండా మళ్లీ సెలవంది.

ధర మీద మాత్రమే పట్టు బిగిస్తే ఏమవుతుందో అమెరికాలోని ఇండీకార్ ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. అక్కడ కారు అందరికీ ఒకటే. డల్లారా కంపెనీ 2012లో ఇచ్చిన చాసిస్ (కారు చట్రం)నే మార్పులూ చేర్పులతో నేటికీ నడుపుతున్నారు. అప్పట్లో దాని ధర 3.49 లక్షల డాలర్లు. ఇంజిన్ అమ్మరు, లీజుకిస్తారు, ఆ లీజు మొత్తానికి పైన పరిమితి ఉంటుంది. ఒక కారును సీజన్ అంతా నడిపే ఖర్చు ఎఫ్‌1తో పోలిస్తే ఎక్కడో కింద ఉంటుంది. చిన్న జట్లు బతుకుతున్నాయి. కానీ లీజు డబ్బు ఇంజిన్ తయారీ ఖర్చుకు చాలదు. మిగతాది హోండా, షెవ్రొలే జేబులోంచే పోవాలి. మూడో కంపెనీగా వచ్చిన లోటస్ 2012లో ఒకే ఒక్క సీజన్‌లో చేతులెత్తేసింది. ఆ ఏడాది ఇండియానాపోలిస్ 500 రేసులో లోటస్ ఇంజిన్‌తో దిగిన రెండు కార్లు మరీ నెమ్మదిగా ఉన్నాయని మొదటి పదిహేను ల్యాపుల్లోపే జెండా ఊపి పక్కకు పిలిచేశారు. ఒకదాన్ని నడిపింది ఎఫ్‌1లో పేరు పొందిన జాన్ అలేసీ! అప్పటి నుంచి ఆ రెండు కంపెనీలే మొత్తం గ్రిడ్‌ను మోస్తున్నాయి. ఖర్చు తగ్గకపోతే తప్పుకోవాల్సి వస్తుందని హోండా అమెరికా ప్రతినిధి 2023 చివర్లో బాహాటంగానే అన్నారు.

చవక కోసం రాసిన నిబంధన అడ్డం తిరిగిన సందర్భం కూడా ఇండియానాపోలిస్‌దే. మామూలు కార్ల ఇంజిన్ల తరహాలో పుష్‌రాడ్‌లున్న (వాల్వులను కడ్డీలతో తెరిచే) ఇంజిన్ తెచ్చుకునేవాళ్లకు పెద్ద సైజు, ఎక్కువ టర్బో ఒత్తిడి అనుమతించేవాళ్లు. తక్కువ ఖర్చుతో వచ్చేవాళ్లకు ఊతమివ్వాలన్నది ఉద్దేశం. 1994లో పెన్‌స్కీ జట్టు, ఇంజిన్లు తయారు చేసే ఇల్మోర్ సంస్థ, మెర్సిడెస్ కలిసి ఆ నిబంధనను పట్టుకుని, ఆ ఒక్క రేసు కోసమే గుట్టుగా 3.4 లీటర్ల సరికొత్త రేసు ఇంజిన్ తయారు చేశాయి. మిగతావాళ్లవి 2.65 లీటర్లవి. అల్ అన్సర్ జూనియర్ గెలిచాడు. పేదవాడి కోసం తెరిచిన తలుపులోంచి అందరికన్నా ధనవంతుడు దర్జాగా లోపలికొచ్చాడు. నిబంధన మార్చేయడంతో ఆ ఇంజిన్ ఇంకెప్పుడూ ఆ రేసులో పరుగెత్తలేదు.

ధర మీద పరిమితి, సంఖ్య మీద పరిమితి, డిజైన్ ఫ్రీజ్ అన్నీ అయ్యాక ఎఫ్‌1 చివరికి నేరుగా ఖర్చు మీదికొచ్చింది. 2023 నుంచి ఇంజిన్ తయారీదారుకు ఏడాదికి 9.5 కోట్ల డాలర్ల పరిమితి, 2026 నుంచి 13 కోట్లు. జట్టు పరిమితి కంటే దీన్ని తనిఖీ చేయడం కష్టం. జట్టంటే ఒక కంపెనీ, ఒక ఫ్యాక్టరీ. ఇంజిన్ చేసేవాళ్ల వెనక లక్షలాది కార్లు తయారు చేసే మహాసంస్థ ఉంటుంది. బ్యాటరీ రసాయనం మీదో, దహనం సిమ్యులేషన్ మీదో మాతృసంస్థ పరిశోధకుడు చేసిన పని మామూలు కారు కోసమా, రేసు కారు కోసమా? ఒకే టెస్ట్ బెడ్‌ను ఇద్దరూ వాడుకుంటే బిల్లు ఎలా పంచాలి? జపాన్‌లో యెన్‌లలో ఇచ్చే జీతాన్నీ ఇంగ్లండ్‌లో పౌండ్లలో ఇచ్చే జీతాన్నీ డాలర్లలో ఒకే తూకంలో ఎలా వేయాలి? వీటికి పేజీల కొద్దీ నిబంధనలున్నాయి. అయినా ఇక్కడ ఆడిటర్ కంటికి అందనిది ఎక్కువే ఉంటుందని నా అనుమానం.

2026 ఇంజిన్‌లో ఎంజీయూ-హెచ్‌ను తీసేశారు. ఆ ఒక్క అడ్డు తొలగడం, ఖర్చుకు హద్దు ఉంటుందన్న భరోసా, పవర్‌లో కరెంటు వాటా దాదాపు సగానికి పెరగడం కలిసి ఆడీని తెచ్చాయి, ఫోర్డ్‌ను రెడ్‌బుల్ పక్కన నిలబెట్టాయి, వెళ్లిపోయిన హోండాను వెనక్కి రప్పించాయి. జనరల్ మోటార్స్ కాడిలాక్ పేరుతో పదకొండో జట్టుగా దిగింది. వెనకబడిన తయారీదారుకు అదనంగా మార్పులు చేసుకునే అవకాశం, దాంతోపాటు కొంత ఖర్చు సడలింపు కూడా నిబంధనల్లో పెట్టారు. 2007 నాటి ఫ్రీజ్ నేర్పిన పాఠం అది. అదే సమయంలో జట్టు పరిమితి 21.5 కోట్ల డాలర్లకు పెరగడం చూసి, పరిమితి గాలికొదిలేశారని కొందరన్నారు. అందులో చాలా భాగం లెక్క పద్ధతి మారడం వల్ల వచ్చింది. ఇంతకుముందు బయట వదిలేసిన కొన్ని పద్దులను లోపలికి తెచ్చారు, కొన్నేళ్ల ధరల పెరుగుదలను కలిపారు.

జట్టు పరిమితికీ ఇంజిన్ పరిమితికీ ఒక తేడా మాత్రం ఇంకా మిగిలే ఉంది. జట్టు యజమానికి ఖర్చు తగ్గితే ఆస్తి విలువ పెరుగుతుంది. ఇంజిన్ కంపెనీకి అమ్ముకోవడానికి అలాంటి ఆస్తి లేదు, గెలిస్తే పేరు, ఓడితే అపకీర్తి. పైగా 2018 నుంచి కొనే జట్టుకు కూడా సొంత జట్టుకిచ్చే ఇంజిన్‌నే, అదే సాఫ్ట్‌వేర్‌తో ఇవ్వాలి. మెర్సిడెస్ ఇంజిన్ కొనుక్కున్న మెక్‌లారెన్ 2024లో, 2025లో మెర్సిడెస్ సొంత జట్టునే వెనక్కి నెట్టి టైటిళ్లు తీసుకుపోయింది. ఖర్చు ఒకరిది, ట్రోఫీ ఇంకొకరిది. కొన్నేళ్ల తర్వాత సరళమైన వీ8కి మారదామని ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మొహమ్మద్ బెన్ సులాయెం 2025 నుంచే చెబుతూ వస్తున్నారు. చవక, బరువు తక్కువ, శబ్దం బాగుంటుంది అన్నది ఆయన వాదన. మూడూ నిజమే కావచ్చు. కానీ కరెంటు వాటా కోసమే వచ్చిన ఆడీ, 2026 ఇంజిన్ మీద ఇప్పటికే డబ్బు పోసిన హోండా, ఆ పెట్టుబడి ఫలితం చేతికి రాకముందే మరో ఇంజిన్‌కు మళ్లీ ఖాతా తెరుస్తాయా అన్నది వాళ్ల బోర్డు గదుల్లో తేలాలి.